రాత్రి ఫోను

జులై 9, 2025

వానలు పడ్డాయి, ఊడ్పులు మొదలయ్యాయి, వాటితో పాటే జ్వరాల ఫోన్లూ. తణుకులో మా క్లినిక్ తలుపులు రాత్రి ఎనిమిదిన్నరకి వేస్తాం. ఆ తరవాత ఫోను మోగితే కింద నైట్ డ్యూటీ సిస్టర్ ఎత్తుతుంది. పిల్లల సంగతైతే పైన ఇంట్లో ఉన్న నన్ను లేపుతుంది, పెద్దవాళ్లదైతే మావారిని.

ఇవాళ ఇరగవరం వైపు నుంచి ఒక తండ్రి. "పాపకి నూట మూడుందండి, ఏం మందెయ్యమంటారు?" వయసు, బరువు అడిగాను. తరవాత, "ఇంట్లో ఉన్న జ్వరం మందు సీసా చేతిలోకి తీసుకుని, మీద ఏం రాసుందో చదవండి" అన్నాను. పారాసిటమాల్ చుక్కల మందులో ఒక్క ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్ ఒక రకంలో 5 ఎంఎల్‌కి 125, ఇంకో రకంలో 250. పది కిలోల పిల్లకి కావలసింది 150 మిల్లీగ్రాములు. చుక్కలైతే ఒకటిన్నర ఎంఎల్, మొదటి సిరప్ అయితే ఆరు, రెండోదైతే మూడు. ఫోన్లో "5 ఎంఎల్ వెయ్యండి" అనేసి పెట్టేశాక అవతల చేతిలో ఉన్నది చుక్కల సీసా అయితే ఆ బిడ్డ ఒంట్లోకి 500 వెళ్లిపోతుంది. అందుకే సీసా చదివించకుండా మోతాదు చెప్పను. చదువు రాని అమ్మమ్మ ఒక్కర్తే ఉంటే పక్కింటి పిల్లల్ని పిలిపించి చదివిస్తాం.

థర్మామీటరు అంకె కంటే నాకు కావలసినవి వేరే. మందు వేశాక కాస్త ఆడిందా? పాలు తాగిందా? పాస్ ఎప్పుడు పోసింది? ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయా? డెన్వర్‌లో పిల్లల డాక్టరు బార్టన్ ష్మిట్ 1980లోనే రాశాడు, తల్లిదండ్రులు జ్వరం తెచ్చిన జబ్బు కంటే జ్వరానికే ఎక్కువ భయపడతారని. మా దగ్గరా అంతే. నూట మూడుకే మెదడు దెబ్బతింటుందని ఎవరో చెప్పి ఉంటారు. దెబ్బతినదని నెమ్మదిగా చెప్పాలి, విసుక్కోకుండా చెప్పాలి. మూడు నెలల లోపు పసిగుడ్డుకి మాత్రం 100.4 వచ్చినా ఫోన్లో మాట్లాడేదేమీ లేదు. ఎంత రాత్రైనా తీసుకురమ్మంటాం.

జులై 13

"సారీ మేడమ్, నిద్ర చెడగొట్టాను" అని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. మొహమాటపడేవాళ్లు సంగతి సగమే చెబుతారు. "ఏం లేదులెండి, పొద్దున్నే వస్తాం" అని పెట్టేస్తారు. ఆ పెట్టెయ్యబోయేవాళ్లని ఆపి అడగడమే నాకు ముఖ్యం. సిస్టర్‌కి చెప్పాను, ఎత్తగానే "చెప్పండమ్మా, మెలకువగానే ఉన్నాను" అనమని. ఆ మాట వినగానే అవతలివాళ్ల గొంతులో తేడా తెలుస్తుంది.

జులై 24

తెల్లవారుజామున నాలుగు దాటాక ఫోను. చేల మధ్య ఇల్లు. పదకొండేళ్ల పిల్లవాడికి కడుపునొప్పి, రెండు వాంతులు. "రాత్రి బండి మీద నూడుల్స్ తిన్నాడండి, అరిగుండదు. ఏదన్నా మాత్ర చెబితే వేస్తాను" అంది తల్లి.

సిస్టర్ మాత్ర పేరు చెప్పలేదు. "ఎక్కడ పడుకున్నాడమ్మా?" అని అడిగింది.

"కరెంటు పోయిందని వరండాలో, చాప మీద."

"లైటు వేసి మొహం చూడండి. కళ్లు పూర్తిగా తెరవగలుగుతున్నాడా? ఉమ్మి మింగగలుగుతున్నాడా?"

కాసేపటికి తల్లి, "రెప్పలు వాలిపోతున్నాయండి. నిద్రమత్తనుకున్నాను" అంది.

కట్లపాము కాటుకి చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనపడదు. అది రాత్రి తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలో కరిచి పోతుంది. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతులు. తరవాత రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోవడం. కరిచిందని ఎవరికీ తెలియదు కాబట్టి అజీర్తి మాత్ర వేసి పడుకోబెడతారు.

సిస్టర్ రెండో ఫోన్లోంచి 108కి చెప్పింది, ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి చెప్పింది, అప్పుడు నన్ను లేపింది. అదే సరైన వరస. నేను తల్లితో మాట్లాడుతూ ఉన్నాను: నడిపించకండి, ఎక్కడా తాడు బిగించకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పొయ్యకండి, మంత్రం వేయించడానికి ఎవరి కోసమూ ఆగకండి. మన దగ్గర దొరికే విషం విరుగుడు సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ పనిచేసేది. పాముని చంపి సంచీలో వేసుకుని రానక్కర్లేదు. కట్లపాము కాటుకి సూదితో పాటు ఊపిరి యంత్రమూ అవసరం పడొచ్చు. ఆ సంగతి ముందే చెప్పి ఉంచితే ఆసుపత్రివాళ్లు సిద్ధంగా ఉంటారు.

"ఎక్కడ పడుకున్నాడు" అన్న ప్రశ్నని వానాకాలం నాలుగు నెలలూ ప్రతి తెల్లవారుజాము కడుపునొప్పికీ అడగాలని గోడ మీద రాసి పెట్టాం. అది సిస్టర్ చేతిరాతే.

ఆగస్టు 15

108కి ఇవాళ్టికి ఇరవయ్యేళ్లు. 2005లో ఇదే రోజు హైదరాబాద్‌లో మొదలైంది. అంతకు ముందు ఈ డెల్టాలో గుండెనొప్పి వచ్చినవాణ్ణి ట్రాక్టరు తొట్టిలో పడుకోబెట్టి తెచ్చేవాళ్లు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు అలాంటివాళ్లని దించుకున్నాం.

ఇప్పటికీ చాలామంది మొదట మాకే చేస్తారు. తెలిసిన గొంతు కదా. మేం ఆ ఫోను పెట్టెయ్యనివ్వం. ఒక చెవి దగ్గర వాళ్లు, రెండో ఫోన్లో అంబులెన్సు. ఊరి పేరు చెబితే చాలదు, రామాలయం పక్కనా, చెరువు గట్టునా, వాటర్ ట్యాంకు దగ్గరా అన్నది కావాలి. ఒక మనిషి టార్చి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడాలి. అంబులెన్సు ఊళ్లోకి వచ్చాక ఇల్లు వెతుక్కుంటూ పోయే నిమిషాలు నాకు చాలా బాధ కలిగిస్తాయి.

కాటు పడ్డ పిల్లవాడు బడికి వెళుతున్నాడు. వెంటిలేటర్ మీద కొన్నాళ్లు ఉంచాల్సి వచ్చింది.

ఆగస్టు 31

డెంగీ రోజులు. రాత్రి పదిన్నరకి ఫోన్ చేసిన తల్లి గొంతులో సంతోషం. "జ్వరం పూర్తిగా పోయిందండి. పొద్దున్నుంచీ లేదు. రేపు చూపించడానికి రావాలా?"

నాలుగో రోజు. డెంగీలో నేను భయపడేది ఈ రోజుకే. జ్వరం దిగాక రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారడం మొదలవుతుంది. ఒళ్లు చల్లబడిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే గంటల్లోనే లోపల రక్తపోటు పడిపోతుంది. "బాబు ఏం చేస్తున్నాడు?" అంటే "పడుకునే ఉన్నాడండి, నీరసం." "కాళ్లూ చేతులూ ముట్టుకుని చూడండి." చల్లగా ఉన్నాయి. "కడుపు?" నొప్పంటున్నాడు. పాస్ మధ్యాహ్నం పోసిందే. ఆ రాత్రే తెప్పించి సెలైన్ పెట్టాం.

ఈ సీజన్లో ప్రతి ఫోనూ ప్లేట్‌లెట్ అంకెతోనే మొదలవుతుంది. ఎనభై వేలట, అరవై వేలట, బొప్పాయి ఆకు రసం పొయ్యమంటారా. అంకె చెప్పేవాళ్లని నేను పిల్లవాడి దగ్గరికి పంపిస్తాను. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, చల్లని చేతులు, తగ్గిన పాస్, ఇవి చూసి చెప్పమంటాను. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఏదైనా వేశారా అనీ అడుగుతాను. మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేసేవాళ్లున్నారు.

సెప్టెంబర్ 11

ఇది మావారి ఫోను. పక్కనే పడుకుని విన్నాను.

భార్య మాట్లాడుతోంది. మనిషికి యాభై నాలుగు, షుగరుంది, ఛాతీలో మంటగా ఉంది. వెనక నుంచి ఆయన కసురుతున్నాడు: "గ్యాస్ అంటున్నానా, పెట్టెయ్." ఈవిడ గొంతు తగ్గించి, "గ్యాస్ మాత్ర ఏదన్నా చెప్పండి చాలు" అంది.

మావారు ఒక్కొక్కటీ అడిగారు. చెమటలు పట్టాయా? చొక్కా తడిసింది. నొప్పి దవడలోకో చేతిలోకో లాగుతోందా? ఎడమ భుజం బరువుగా ఉందన్నాడట. ఎంతసేపటి నుంచి? అన్నం తిన్నప్పటి నుంచీ, అంటే గంటన్నర. ఇంతకు ముందు కడుపులో పుండు గానీ, ఆస్పిరిన్ పడకపోవడం గానీ ఉందా? లేదు. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలి మింగమన్నారు. "ఫోను ఆయనకివ్వండమ్మా" అన్నారు. "గ్యాస్ అయితే మంచిదేనండీ, ఈసీజీ తీయించి ఇంటికి పంపిస్తాను. కాకపోతే మాత్రం ఇవాళ రాత్రి ఇంట్లో ఉండకూడదు. బండి మీరు నడపొద్దు."

ఈసీజీలో గుండెపోటు కనపడింది. ప్రభుత్వాసుపత్రిలో గడ్డ కరిగించే సూది, టెనెక్టెప్లేస్, డబ్బు తీసుకోకుండా వేస్తున్నారు. ఆ సూది ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. అది వేయించి, తరవాత రాజమండ్రి పంపించారు. హైవే మీద గంట ప్రయాణం.

అర్ధరాత్రి గ్యాస్ మాత్ర అడిగినవాళ్లకి మాత్ర పేరు చెప్పి పంపెయ్యడం చాలా తేలిక, అడిగినవాళ్లూ సంతోషిస్తారు. మా ఫోన్ పక్కన ఉన్న అట్ట మీద మాత్రల పేర్లు లేవు, ప్రశ్నలే ఉన్నాయి. నలభై దాటినవాళ్లకి బొడ్డు పైన ఎక్కడ నొప్పి అన్నా ఈసీజీ తీసేదాకా గుండే అనుకోవాలన్నది మావారి పట్టుదల. షుగరున్నవాళ్లకి, ఆడవాళ్లకి అసలు నొప్పే లేకుండా ఆయాసంతో, నీరసంతో గుండెపోటు రావచ్చు. ఆ మాట అట్ట మీద ఎర్ర సిరాతో ఉంది.

సెప్టెంబర్ 20

రాత్రి మాట్లాడిన ప్రతి ఫోనూ పుస్తకంలో ఎక్కాలి. టైము, ఎవరు చేశారు, రోగికి ఏమవుతారు, ఏం చెప్పారు, మేం ఏమన్నాం, మళ్లీ ఎప్పుడు చెయ్యమన్నాం. పొద్దున్న ఓపీ మొదలుపెట్టే ముందు ఆ పేజీ నేను చదువుతాను. రాత్రి ఇంట్లోనే ఉండమన్నవాళ్లకి మేమే ఫోన్ చేస్తాం. ఎక్కువమంది "తగ్గిందండీ" అంటారు. ఆ ఫోన్లు చెయ్యడం అనవసరమని నాకెప్పుడూ అనిపించలేదు.

2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఎవరితో మాట్లాడుతున్నామో తేల్చుకోవడం, రాసి పెట్టడం, ప్రాణం మీదికి వచ్చేదైతే ప్రథమ చికిత్స చెప్పి ఆసుపత్రికి పంపడం, అన్నీ అందులో ఉన్నాయి. ఫోన్లో రాయకూడని మందులూ ఉన్నాయి. నిన్న రాత్రి ఒకాయన నిద్ర పట్టడం లేదని ఆల్‌ప్రజోలం వాట్సాప్‌లో రాసి పంపమన్నాడు. అది కుదరదు. కానీ "కుదరదు" అని పెట్టెయ్యలేదు. ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నారు, ఎప్పుడు అయిపోయింది, చెయ్యి వణుకుతోందా అని అడిగారు మావారు. ఆ మందు ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ కూడా రావచ్చు. పొద్దున్నే మొదటి నంబరు ఆయనకే ఇచ్చాం.

అక్టోబర్ 6

మూడు రాత్రులుగా ఇవే ఫోన్లు. మధ్యప్రదేశ్‌లో ఛింద్వాడా పిల్లలు దగ్గు మందు తాగి కిడ్నీలు పాడై చనిపోయిన వార్త ప్రతి తల్లి ఫోన్లోకీ వచ్చేసింది. కోల్డ్‌రిఫ్ అనే సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉంది. కాంచీపురం జిల్లాలో తయారైన మందు. తెలంగాణతో సహా చాలా రాష్ట్రాలు దాని అమ్మకం ఆపేశాయి.

ఫోన్ చేసే తల్లికి కావలసింది వార్త కాదు, తన చేతిలో ఉన్న సీసా సంగతి. "పేరు చదవండి. ఎన్నాళ్లు పోశారు? బాబు పాస్ మామూలుగా పోస్తున్నాడా?" ఆ విషం దెబ్బతీసేది కిడ్నీనే కాబట్టి పాస్ గురించే మొదట అడుగుతాం. మామూలుగా పోస్తున్నాడనగానే సగం భారం దిగుతుంది వాళ్లకి. రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దనీ, ఐదేళ్ల లోపువాళ్లకి మామూలుగా అవసరం లేదనీ కేంద్ర ఆరోగ్య శాఖ ఈ 3వ తారీకున మళ్లీ చెప్పింది. మేం ఏళ్ల తరబడి చెబుతున్నదే. ఏడాది దాటిన పిల్లలకి పడుకునే ముందు చెంచా తేనె ఇస్తే దగ్గు నెమ్మదిస్తుంది. ఏడాది లోపు తేనె నాకించకూడదు.

"దగ్గు వినిపించండి" అని ఫోను పిల్లవాడి నోటి దగ్గర పెట్టించడం నాకు అలవాటు. గొంతు వాచిన పిల్లల దగ్గు కుక్క మొరిగినట్టుంటుంది, ఫోన్లో కూడా పోల్చుకోవచ్చు. 1879లో, టెలిఫోను పుట్టిన కొత్తలోనే, ఒక డాక్టరు ఇలాగే ఫోన్లో పాప దగ్గు విని ప్రమాదమైన దగ్గు కాదని చెప్పిన సంగతి లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ రాత్రి ఆ ఇంట్లో అందరూ హాయిగా పడుకుని ఉంటారు.

అక్టోబర్ 16

విరేచనాల బిడ్డ. "ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఉన్నామండీ, ఇంకా ఎక్కువవుతున్నాయి." "పొడి ప్యాకెట్టా, డబ్బా పానీయమా?" డబ్బా. తియ్యగా ఉందని బిడ్డ ఇష్టంగా తాగుతున్నాడు. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీరు ఇంకా చేరుతుంది, విరేచనాలు పెరుగుతాయి.

మొన్న 14న ఆహార భద్రతా సంస్థ ఆదేశం వచ్చింది, ఇలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒంటరిగా కొట్లాడితే వచ్చిన ఆదేశం ఇది. ఆవిడ కన్నీళ్లు పెట్టుకుని మాట్లాడిన వీడియో మా సిస్టర్లందరికీ చూపించాను. మందుల షాపు అద్దాల వెనక ఆ డబ్బాలు ఎంత అందంగా పేర్చి ఉండేవో నాకు తెలుసు.

ప్యాకెట్టు తెచ్చాక కూడా అడగాలి, ఎన్ని నీళ్లలో కలిపారని. పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకి ప్రమాదం. లీటరు సీసా ఏది ఉందో చూసి, కొలిచి, కలిపి, చెంచాతో పట్టమని ఫోన్లోనే చేయించాను.

అక్టోబర్ 20

దీపావళి. చిచ్చుబుడ్డి పేలి చేతులు కాలినవి. అన్నిటికీ ఒకటే మాట: కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు రాయకండి, సిరా పొయ్యకండి, ఐసు పెట్టకండి. కంట్లో పడితే నలపకుండా, నొక్కకుండా కంటి ఆసుపత్రికి.

అక్టోబర్ 29

నిన్న రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. సాయంత్రం నుంచే కరెంటు లేదు. నెలలు నిండినవాళ్లని ముందే ఆసుపత్రులకి చేర్చారు కాబట్టి కాన్పుల ఫోన్లు రాలేదు. ఆ ముందుచూపు ఎవరిదైనా వాళ్లకి దణ్ణం పెట్టాలి.

మాకు వచ్చినవి ఆయాసం ఫోన్లు. మన ఇళ్లల్లో ఉబ్బసం పిల్లలకి నెబ్యులైజర్ యంత్రం కొనేస్తారు, ఇన్‌హేలర్ అంటే అలవాటు పడిపోతుందని భయపడతారు. కరెంటు పోతే ఆ యంత్రం పనిచెయ్యదు. పెనుగొండ దగ్గర ఒక ఇంట్లో ఎనిమిదేళ్ల పాప ఎగరొప్పుతోంది, బయట చెట్లు పడి దారి లేదు. ఇన్‌హేలర్ ఉంది, దాన్ని పీల్చే గొట్టం లేదు. అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా తెమ్మన్నాను. అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేంత కన్నం కోసి, దూర్చి, చుట్టూ టేపు వేసి, సీసా మూతి పాప నోట్లో పెట్టించాను. ఒక పఫ్ కొట్టి, ఐదారు ఊపిర్లు. మళ్లీ ఒక పఫ్. కేప్‌టౌన్‌లో హెదర్ జార్ బృందం ఇలాంటి సీసా కొన్న గొట్టంలాగే పనిచేస్తుందని 1999లోనే లాన్సెట్‌లో చూపించారు. పాప మాట పూర్తిగా పలికేదాకా ఫోన్లోనే ఉన్నాను. "ఒకటి నుంచి పది దాకా ఆగకుండా లెక్కపెట్టు తల్లీ" అంటే మొదట మూడు దగ్గర ఆగింది. తరవాత ఆరు. తరవాత పది.

మావారికి ఇన్సులిన్ ఫోన్లు. ఫ్రిజ్ ఆగిపోయింది, సీసాలు పారెయ్యాలా అని. వాడుతున్న సీసా మామూలు గది వేడిలో నాలుగు వారాలు ఉంటుంది. తెరవని సీసాలని కవర్లో కట్టి తడి మట్టికుండలో పెట్టమన్నారు.

ఫోన్ ఛార్జింగు పొదుపు కోసం అందరం మాటలు కుదించుకున్నాం. ఏ ప్రశ్న ముందు అడగాలో ఇలాంటి రాత్రి బాగా తెలుస్తుంది.

నవంబర్ 17

కార్తీక సోమవారం. అర్ధరాత్రి పన్నెండున్నరకి న్యూజెర్సీ నుంచి ఫోను. అక్కడ మధ్యాహ్నం రెండు. "మా నాన్నగారు హాల్లో తూలుతున్నారు, కెమెరాలో కనపడుతోంది. అమ్మ ఫోనెత్తడం లేదు. మీ నంబరు ఆవిడ మందుల చీటీ మీద ఉంది."

ఇలాంటి ఫోన్లు ఎక్కువవుతున్నాయి. పిల్లలు డల్లాస్‌లో, ఎడిసన్‌లో, మెల్‌బోర్న్‌లో. పెద్దవాళ్లు ఇక్కడ రెండంతస్తుల ఇంట్లో ఇద్దరే. ఫోన్ చేసినవాళ్లు రోగి పక్కన లేరు. వాళ్లకి తెలిసింది పొద్దుటి వీడియో కాల్లో చూసిందే. అబ్బాయిని భయపెట్టకుండా, అతన్ని వరస ప్రశ్నలు వెయ్యకుండా, పక్కింటివాళ్ల నంబరు అడిగారు మావారు. పక్కింటాయన గోడ దూకి తలుపు కొట్టారు. అప్పుడు ఆవిడతో మాట.

ఆయన ఉపవాసం. రాత్రి నక్షత్రం చూశాక కూడా ఒక పండుతో సరిపెట్టారు. షుగరు మాత్ర గ్లిమిపిరైడ్ మాత్రం మానలేదు. ఒళ్లంతా చెమట, పొంతన లేని మాటలు. "మింగగలుగుతున్నారా?" గలుగుతున్నారు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టించారు. పావుగంటకి మాట తేటపడింది. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, మళ్లీ పడిపోతుంది. అందుకే అన్నం పెట్టించి, క్లినిక్‌కి తెప్పించి తెల్లారేదాకా చూశాం. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు.

అబ్బాయి లైన్లోనే ఉన్నాడు, అంతసేపూ. "నేనేం చెయ్యాలండీ?" అని రెండుసార్లు అడిగాడు. "మీరు చేసేశారు బాబూ, ఫోన్ చేశారు" అన్నారాయన. నాకు మావారి మీద గౌరవం కలిగిన మాటల్లో ఇదొకటి.

ఉపవాసాల నెలకి ముందే షుగరు రోగులందరికీ మాత్ర సంగతి చెప్పాలి. రంజాన్ ముందు చెబుతాం, కార్తీకం ముందూ చెప్పాలి.

డిసెంబర్ 3

చెల్లెలి కూతురు టెక్సాస్‌లో నర్సు. రాత్రి ఫోన్ల డ్యూటీ. అక్కడ నర్సు ముందు తెర మీద ప్రశ్నలు వరసగా వస్తాయట. ప్రాణానికి సంబంధించినవి ముందు, మిగతావి తరవాత. ఆ వరస తయారుచేసినవాళ్లలో ఒకడు జ్వరం భయం గురించి రాసిన ఆ ష్మిట్టే. డెన్వర్‌లో పిల్లల డాక్టర్ల రాత్రి ఫోన్లు నర్సులు ఎత్తే ఏర్పాటు చేసి, నాలుగేళ్లలో వచ్చిన లక్షకు పైగా ఫోన్ల వివరాలు 1993లో ప్రచురించారు. బాగా నేర్పిన నర్సు ఈ పని చెయ్యగలదని అప్పుడే తేలిపోయింది.

మా సిస్టర్ గోడ మీద రాసుకున్నదీ ఆ తెర మీద ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూశాను. వాళ్ల దాంట్లో కట్లపాము లేదు. ప్రతి ఊరికీ తన ప్రశ్నలు కొన్ని తనే రాసుకోవాలి.

డిసెంబర్ 12

అత్తగారు చేశారు, బిడ్డకి పాలు చాలడం లేదని. కాన్పై మూడు వారాలు. బిడ్డ బరువు, పాస్ అన్నీ బాగానే ఉన్నాయి. మరి రాత్రి పదకొండున్నరకి ఎందుకు చేసినట్టు? "అమ్మాయి ఎలా ఉంది?" అన్నాను. కొంచెం ఆగి, "నిద్రపోదండీ. బిడ్డ పడుకున్నా గోడ చూస్తూ కూచుంటుంది. మాట్లాడదు" అన్నారు.

ఫోను అమ్మాయికి ఇప్పించాను. మెల్లగా అడుగుతూ, ఆఖరికి సూటిగా అడిగాను: చచ్చిపోవాలని అనిపిస్తోందా, బిడ్డని ఏమన్నా చెయ్యాలని తోస్తోందా అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని భయపడేవాళ్లు డాక్టర్లలోనూ ఉన్నారు. అది నిజం కాదు. అడిగితే ఆ అమ్మాయి ఏడ్చింది. రెండు రోజులుగా అనిపిస్తోందంది. ఆ రాత్రే ఇద్దర్నీ తెప్పించుకున్నాం, ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దని అత్తగారికి చెప్పి. పొద్దున్న మానసిక వైద్యుడి దగ్గరికి. 14416, టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బక్కర్లేదు. ఆ నంబరు బాలింతల చీటీ మీద అచ్చు వేయిస్తున్నాం.

పాల గురించి వచ్చిన ఫోను ఇది. ఆవిడ కోడలి కోసం చేశారని, ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక పాలతో మొదలుపెట్టారని నా నమ్మకం.

జనవరి 4, 2026

ఊళ్లో నలుగురు పిల్లల డాక్టర్లం కూర్చున్నాం. రాత్రులు పంచుకుందామని. ఒకరి రోగి ఫోను ఇంకొకరు ఎత్తితే రోగి జారిపోతాడని ఒకరి భయం. నిద్ర లేని డాక్టరు పొద్దున్న ఓపీలో ఏం చూస్తాడని నా ప్రశ్న. ఇంగ్లండులో 2004 నుంచి కుటుంబ వైద్యులు రాత్రి బాధ్యత వదులుకునే వీలు వచ్చింది. రోగికి తెలిసిన గొంతు దూరమైందన్న బాధ అక్కడ ఇంకా ఉంది. ఊరు చిన్నది కాబట్టి మనం ఆ గొంతు పోగొట్టుకోకుండా పంచుకోవచ్చు. పొద్దున్నే రాత్రి ఫోన్ల పుస్తకంలో పేజీ ఫొటో తీసి సొంత డాక్టరుకి పంపితే చాలు.

రాత్రి ఫోనుకి ఫీజు పెడదామన్నారు ఒకరు. నేను ఒప్పుకోలేదు. ఫీజు ఉందంటే మొదట మానేసేది డబ్బు లేనివాళ్లు, వాళ్లే చెయ్యాల్సినవాళ్లు. సిస్టర్లకి రాత్రి భత్యం పెంచడానికి మాత్రం అందరం ఒప్పుకున్నాం. ఫోనెత్తే మనిషి జీతం గురించి ఇన్నాళ్లూ ఎవరూ మాట్లాడలేదు.

జనవరి 19

పండగకి పిల్లలందరూ ఊళ్లలోనే. జ్వరంతో ఫిట్స్ వచ్చిన బాబు, ఏడాదిన్నర. తాతగారు ఫోను. వెనక ఏడుపులు. "చేతిలో తాళాలు పెట్టాం, నోట్లో చెంచా పెట్టమంటారా?" వద్దండీ. చెంచా తీసెయ్యండి, పక్కకి తిప్పండి, గడియారం చూసి నాకు టైము చెబుతుండండి. రెండు నిమిషాలు. రెండున్నర. ఆగింది. ఐదు దాటితే ముక్కులో కొట్టే మిడజోలం కావాలి, ఆసుపత్రికి పరిగెత్తాలి. 108 దారిలోనే ఉంది, తీసుకొచ్చారు, మెడ పట్టేయలేదు, బాబు అమ్మని గుర్తుపట్టాడు.

కొత్త అట్ట రాయించాం, నాలుగు క్లినిక్కులకీ ఒకటే. పైన మొదటి ప్రశ్న మార్చాను. ఇదివరకు "పేరు, ఊరు" అని ఉండేది. ఇప్పుడు "రోగి పక్కన ఎవరున్నారు? ఫోను వాళ్లకి ఇవ్వండి." పేరు తరవాత అడగొచ్చు. వచ్చే సోమవారం నుంచి మంగళ, శుక్రవారాలు నా వంతు.